కాలేజీ గేటు దగ్గర కఠినం ఎవరి మీద?

జూన్‌లో కాలేజీలు తెరిచే ముందు కొవిడ్ కేసుల వార్త ఒకటి వచ్చిందంటే, పిల్లల్ని హాస్టళ్లకు పంపే ఇళ్లలో వాదన మొదలైపోతుంది. 2025 మే నెలలో శ్రీకాకుళంలో అదే చూశాం. దేశంలో కేసులు కాస్త పెరిగాయి. గుంపులుగా చేరొద్దని, రద్దీ ఉన్నచోట మాస్కు పెట్టుకోమని రాష్ట్ర ఆరోగ్య శాఖ సూచనలు ఇచ్చింది. “పిల్లలు చెబితే వినరు, ఫైన్లు వేస్తేనే దారికొస్తారు” అని కొందరు. “రెండేళ్ల చదువు మట్టి కొట్టుకుపోయింది, చాలదా?” అని మరికొందరు. తర్వాత కేసులు తగ్గాయి, కాలేజీలు మామూలుగా తెరిచారు, వాదన ఎక్కడ మొదలైందో అక్కడే ఆగిపోయింది.

అలా ఆగిపోవడమే నాకు భయం. 2020 జనవరి 30న ప్రకటించిన అత్యవసర పరిస్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ఎత్తేసింది. ఇంకో వైరస్ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. వచ్చిన రోజున మళ్లీ ఈ రెండు మాటలే పట్టుకుని కూర్చుంటే, చేసిన తప్పులే మళ్లీ చేస్తాం. నేను ఈ జిల్లాలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతాను. కాలేజీలు మూసినప్పుడూ, తెరిచినప్పుడూ, సగం సగం నడిపినప్పుడూ వాళ్లను దగ్గర నుంచి చూశాను. ఆంక్షలు ఎంత కఠినంగా ఉండాలి అని అడిగినంత కాలం ఈ వాదన తేలదని నా నమ్మకం. ఎవరి మీద కఠినంగా ఉండాలి అన్నది ముందు తేల్చుకోవాలి.

చట్టం చేతిలో ఏముంది

అంటువ్యాధి వస్తే మన ప్రభుత్వాలు ముందుగా తీసేది 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయిలో ప్లేగు చెలరేగినప్పుడు బ్రిటిష్‌వాళ్లు హడావిడిగా తెచ్చిన చిన్న చట్టమది. అవసరమనుకున్న నిబంధన ప్రభుత్వం పెట్టొచ్చు, మీరినవాళ్లను శిక్షించొచ్చు, సదుద్దేశంతో పనిచేసిన అధికారి మీద దావా వేయడానికి లేదు. దాని సారాంశం అంతే. జబ్బుపడ్డ మనిషికి ప్రభుత్వం ఏం చేయాలి, ఇంట్లో బంధిస్తే తిండి ఎవరు పెట్టాలి అన్నది అందులో ఎక్కడా కనిపించదు.

ఆ చట్టం వచ్చిన ఏడాదే పుణెలో దాని నైజం బయటపడింది. ప్లేగు కట్టడి బాధ్యత రాండ్ అనే అధికారి చేతిలో పెట్టారు. సిపాయిలు ఇళ్లలోకి చొరబడి రోగుల కోసం వెతికారు. వంటింట్లోకీ, పూజగదిలోకీ, ఆడవాళ్లు ఉండే గదుల్లోకీ వెళ్లారు. జనం ఏం చేశారు? రోగుల్ని దాచిపెట్టారు. కోపం పెరిగి పెరిగి, 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌ను కాల్చారు. ఆ హత్య చరిత్ర పుస్తకాల్లో అందరూ చదివిందే. నాకు దానికంటే ముఖ్యంగా కనిపించేది దానికి ముందు జరిగిన దాపరికం. తనిఖీ ఎంత బిగిస్తే రోగం అంత లోపలికి పోయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మన హాస్టళ్ల దగ్గర మళ్లీ దీని అవసరం వస్తుంది.

2020లో దీనికి 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం తోడైంది. దాని 51వ సెక్షన్ కింద ఆదేశాలు పాటించనివారికి ఏడాది వరకూ, దానివల్ల ప్రాణాలు పోతే లేదా ప్రాణాపాయం వస్తే రెండేళ్ల వరకూ జైలు పడొచ్చు. అధికారి ఆజ్ఞ మీరితే కేసు పెట్టే పాత ఐపీసీ 188వ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 223వ సెక్షన్‌గా ఉంది. మన రాష్ట్రంలో మాస్కు లేకపోతే 100 రూపాయల ఫైన్ పెట్టారు.

సుప్రీంకోర్టు చెప్పిన రెండు మాటలు ఇక్కడ చాలా ముఖ్యం. మొదటిది 2021 జూన్‌లో. ఇంటర్, పది పరీక్షలు పెట్టి తీరతామని మన రాష్ట్రం పట్టుబట్టినప్పుడు, ఒక్క ప్రాణం పోయినా రాష్ట్రానిదే బాధ్యత అవుతుందని కోర్టు హెచ్చరించింది. జూన్ 24న ప్రభుత్వం పరీక్షలు రద్దు చేసింది. రెండోది 2022 మే 2న, జాకబ్ పులియెల్ కేసులో. ఎవరికీ బలవంతంగా టీకా వేయడానికి వీల్లేదని, అయితే ప్రజల ఆరోగ్యం కోసం ప్రభుత్వం ఆంక్షలు పెట్టొచ్చని, అవి అవసరానికి తగ్గట్టు ఉండాలని అందులో చెప్పింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు అర్థమయ్యేది ఇది: విద్యార్థిని ఒకచోటికి రమ్మని పిలిచినవాళ్లే అక్కడి ప్రమాదానికి జవాబు చెప్పాలి. విద్యార్థి మీద పెట్టే ప్రతి ఆంక్షకూ ఎందుకో చెప్పగలగాలి.

ఇక ప్రిన్సిపాల్ సంగతి. ఆ చట్టాల అధికారమంతా ప్రభుత్వానిది, కలెక్టరుది, పోలీసులది. ప్రిన్సిపాల్ చేతిలో ఉండేవి కాలేజీ క్రమశిక్షణ నియమాలే. హాజరు వేయకపోవడం, హాస్టల్ ఖాళీ చేయించడం, హాల్ టికెట్ ఆపడం. కొవిడ్ నిబంధనలు అమలు చేయమని పైనుంచి సర్క్యులర్ వస్తే ఆయన వాడగలిగింది కూడా వీటినే. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

మూసి, తెరిచి, మళ్లీ మూసి

మొదటి అల మన ఉత్తరాంధ్రకు ఆలస్యంగా వచ్చింది. శ్రీకాకుళంలో తొలి కేసులు 2020 ఏప్రిల్ నెలాఖరులో పాతపట్నం వైపు బయటపడ్డాయి. విజయనగరం అయితే రాష్ట్రంలో అన్ని జిల్లాల కంటే ఎక్కువ రోజులు ఒక్క కేసూ లేకుండా ఉంది. అదే రోజుల్లో గుజరాత్‌లోని వెరావల్ హార్బర్‌లో చిక్కుకుపోయిన మన మత్స్యకారులు వేల సంఖ్యలో బస్సుల్లో తిరిగొచ్చారు. బయటి నుంచి వచ్చినవాళ్లను ఉంచడానికి చాలాచోట్ల కాలేజీ హాస్టళ్లే క్వారంటైన్ కేంద్రాలయ్యాయి. మంచాలు దూరం జరిపారు, భోజనం పొట్లాలు కట్టి గుమ్మం దగ్గర పెట్టారు. అంటే ఒక హాస్టల్‌ను ఎలా నడిపితే రోగం పాకదో మన అధికారులకు 2020లోనే తెలుసు. విద్యార్థులు తిరిగొచ్చినప్పుడు ఆ తెలివిడి ఎందుకు పనికి రాలేదో నాకు ఇప్పటికీ బాధే.

2020 నవంబర్ 2 నుంచి దశలవారీగా తరగతులు మొదలుపెట్టారు. దానికి వారం ముందే విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవాన్ని జనాన్ని కట్టడి చేసి జరిపారు. 2021 ఏప్రిల్‌లో రెండో అలతో మళ్లీ అన్నీ ఆగాయి. మే 5న మొదలవాల్సిన ఇంటర్ పరీక్షలు వాయిదా పడి, ఆఖరుకు రద్దయ్యాయి. ఆగస్టు 16న మళ్లీ బడులు, జూనియర్ కాలేజీలు తెరిచారు. 2022 జనవరిలో ఒమిక్రాన్ ఉధృతంగా ఉన్నప్పుడు, సంక్రాంతి సెలవుల తర్వాత కూడా ప్రభుత్వం విద్యాసంస్థలు మూయలేదు. రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు కర్ఫ్యూ పెట్టి ఊరుకుంది.

ఒకే జబ్బుకు మూడు రకాల నిర్ణయాలు. వీటిని చూసి ప్రభుత్వానికి స్థిరత్వం లేదని తిట్టేవాళ్లున్నారు. నేను అలా అనను. 2022 జనవరి నాటికి డిగ్రీ వయసు పిల్లల్లో చాలామందికి టీకాలు పడ్డాయి, 15 నుంచి 18 ఏళ్ల వాళ్లకు జనవరి 3నే వేయడం మొదలైంది. పరిస్థితి మారితే ఆంక్ష మారాలి. లోపం ఎక్కడంటే, ఏ పరిస్థితి వస్తే ఏం చేస్తామో ముందే రాసి జనానికి చెప్పకపోవడంలో. రేపు కాలేజీ ఉందో లేదో రాత్రి తొమ్మిదింటి వార్తల్లో తెలుసుకునే స్థితి పిల్లల్ని చాలా టెన్షన్ పెట్టింది.

గేటు దగ్గర గన్, గదిలో గాలి

మనకు కాలేజీ ఆంక్షలు అనగానే గుర్తొచ్చేది గేటు దగ్గర థర్మల్ గన్, శానిటైజర్ సీసా, మూతికి మాస్కు. ఇందులో మాస్కుకు విలువుంది. చేతులు కడుక్కోవడం ఎప్పుడైనా మంచిదే. థర్మల్ గన్ మీద మాత్రం మనం పెట్టుకున్న నమ్మకానికి ఆధారం తక్కువ. కొవిడ్ సోకిన మనిషి లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటించగలడు. కొందరికి జ్వరమే రాదు. పైగా ఎండలో నడిచొచ్చిన పిల్ల నుదురు వేడిగానే చూపిస్తుంది, డోలో మాత్ర వేసుకొచ్చిన పిల్ల నుదురు చల్లగా చూపిస్తుంది.

ఈ వైరస్ ముఖ్యంగా గాలిలో పాకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ మాట స్పష్టంగా చెప్పడానికి 2021 దాకా ఆలస్యం చేసింది. ఈలోగా మనం బెంచీలు తుడుచుకుంటూ, రోడ్ల మీద బ్లీచింగ్ చల్లుకుంటూ గడిపేశాం. గాలి సంగతి అర్థమైతే కాలేజీలో ప్రమాదం ఎక్కడుందో మ్యాపు గీసినట్టు తెలుస్తుంది. చెట్టుకింద నిలబడి మాట్లాడుకునే నలుగురి దగ్గర ప్రమాదం తక్కువ. తలుపులు వేసిన సెమినార్ హాలు, కిక్కిరిసిన మెస్, హాస్టల్ గది, ఆమదాలవలస నుంచో పొందూరు నుంచో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వచ్చే షేర్ ఆటో, వీటిలో ఎక్కువ. గేటు దగ్గర నిలబెట్టిన మనిషికి వీటిలో ఒక్కటీ కనిపించదు.

ఒక అమ్మాయిల హాస్టల్ గదిని దగ్గర నుంచి చూస్తే నేను చెప్పేది అర్థమవుతుంది. ఆరు మంచాలు. మంచం కింద ట్రంకు పెట్టె, పైన గోడకు కట్టిన తాడు మీద ఆరని బట్టలు. కిటికీలు రెండు ఉన్నాయి, మంచి పెద్ద కిటికీలే. సాయంత్రం ఆరయ్యేసరికి రెండూ మూసేస్తారు. ఎందుకంటే దోమలు. వర్షాకాలంలో మన జిల్లాల్లో మలేరియా, డెంగ్యూ భయం ఎప్పుడూ ఉంటుంది. పిల్లలు చేస్తున్నది తప్పు కాదు. తెల్లారేదాకా ఆ ఆరుగురూ వదిలిన గాలినే ఫ్యాను తిప్పి తిప్పి ఆ ఆరుగురికే పంచుతుంది. ఈ గదిలో ఒకరికి సోకితే, పగలంతా మాస్కు పెట్టుకున్నా, గేటు దగ్గర ఎన్నిసార్లు నుదురు చూసినా ప్రయోజనం తక్కువే. కిటికీకి దోమల మెష్ కొట్టిస్తే ఆ రెండు కిటికీలూ రాత్రంతా తెరిచి ఉంచొచ్చు. కొవిడ్‌కీ డెంగ్యూకీ ఒకే ఖర్చుతో జవాబు.

గాలి ఆడుతోందో లేదో కొలవడం కూడా పెద్ద పని కాదు. మనం వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. ఆరుబయట అది పదిలక్షల భాగాల్లో దాదాపు 420 వంతులు ఉంటుంది. గదిలో 1000 దాటిందంటే ఒకరు వదిలింది ఇంకొకరు పీలుస్తున్నారని గుర్తు. దీన్ని చూపించే మీటరు కొన్ని వేల రూపాయలకు దొరుకుతుంది. కాలేజీకి ఒకటి కొని, ఫిజిక్స్ పిల్లల చేత గదిగదికీ తిప్పించి కొలిపిస్తే వాళ్లకు ప్రాజెక్టు కూడా అవుతుంది.

మెస్ సంగతి మన ఊహ కాదు, జరిగి చూపించిన విషయం. 2020 డిసెంబర్‌లో ఐఐటీ మద్రాసులో కేసులు వంద దాటాయి. అప్పటికి క్యాంపస్‌లో ఉన్నది కొద్దిమంది విద్యార్థులే, అయినా అందరూ ఒకే మెస్‌లో తినాల్సి రావడం మీద వేళ్లన్నీ చూపించాయి. తర్వాత భోజనం పొట్లాల్లో గదులకే పంపారు. 2021 నవంబర్‌లో ధార్వాడ్‌లోని ఒక వైద్య కళాశాలలో ఫ్రెషర్స్ పార్టీ తర్వాత 280 మందికి పైగా పాజిటివ్ వచ్చారు. చాలామందికి రెండు డోసులూ పడి ఉన్నాయి, అందుకే జబ్బు ముదరలేదు. అంటుకోవడం మాత్రం ఆగలేదు.

బయటి దేశాల అనుభవం కూడా ఒకటి చెప్పాలి. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం చాపెల్ హిల్ క్యాంపస్‌లో 2020 ఆగస్టు 10న తరగతులు మొదలుపెట్టి, హాస్టళ్లలో కేసులు గుంపులుగా బయటపడటంతో వారానికే డిగ్రీ తరగతులన్నీ ఆన్‌లైన్‌కు మార్చేసింది. ఇలినాయ్ విశ్వవిద్యాలయం అర్బానా క్యాంపస్‌లో ఇంకో దారి పట్టింది. ప్రతి విద్యార్థికీ వారానికి రెండుసార్లు లాలాజల పరీక్ష. లెక్కలన్నీ వేసుకుని చేశారు. అయినా సెప్టెంబర్ మొదట్లో కేసులు ఎగిశాయి. పాజిటివ్ వచ్చిందని తెలిసి కూడా కొందరు పార్టీలకు వెళ్లారు. పాజిటివ్ వచ్చినవాళ్లు గదిలోనే ఉంటారని విశ్వవిద్యాలయం వాళ్లు తమ లెక్కలో అనుకున్నారు. అక్కడ కఠిన చర్యలు తీసుకున్నారు, కేసులు తగ్గాయి కూడా. కాబట్టి విద్యార్థి మీద ఏ కఠినమూ వద్దని నేను చెప్పడం లేదు. తెలిసి పార్టీకి వెళ్లిన పిల్లవాడు వేరు, భయంతో జ్వరం దాచుకున్న పిల్ల వేరు. మన నిబంధనలు ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తాయి.

జ్వరం ఎందుకు దాస్తారు

2021 ఆగస్టు తర్వాత ఒక రోజు నా క్లాసులో వెనక బెంచీలో ఒక అమ్మాయి తల వాల్చేసి కూర్చుంది. దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. గేటు దగ్గర ఎలా వదిలారమ్మా అంటే, బస్సు దిగే ముందే డోలో వేసుకున్నానంది. “మరి ఇంట్లో ఉండొచ్చు కదమ్మా, ఎందుకొచ్చావ్?” అన్నాను. “మేడమ్, ఇప్పటికే అరవై ఎనిమిది శాతం ఉంది” అంది. నేనింకేం అడగలేదు. సాయంత్రం వాళ్ల అమ్మ ఫోన్ చేసింది. “పాప హాజరు పోతాదేటండి మేడమ్?” అన్నదే ఆమె మొదటి మాట. జ్వరం గురించి ఆ తర్వాత మాట్లాడింది.

ఆ తల్లికి బిడ్డ మీద ప్రేమ లేక కాదు. 75 శాతం హాజరు లేకపోతే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. ఫీజు రీయింబర్స్‌మెంటు, వసతి డబ్బు, రెండూ ఆ అంకె మీదే ఆధారపడి ఉన్నాయి. జేఎన్‌టీయూ కాలేజీల్లో 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి మినహాయింపు తెచ్చుకోవాలి. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టరు మళ్లీ చదవాలి. కూలికి పోయే ఇంట్లో దాని అర్థం ఒక ఏడాది, ఒక అప్పు. ఆడపిల్ల అయితే “ఇంక చాల్లే చదువు” అనే మాట కూడా.

ఇప్పుడు దీని మీద కొవిడ్ నిబంధన పెట్టండి. జ్వరం ఉంటే రానివ్వం. పాజిటివ్ అయితే హాస్టల్ ఖాళీ చేయాలి. పక్క మంచాలవాళ్లు కూడా వెళ్లాలి. చెప్పిన పిల్లకు హాజరు పోతుంది, ఇంటర్నల్స్ పోతాయి, రూమ్మేట్లు తన మీద మండిపడతారు. చెప్పకపోతే ఏమీ పోదు. నిబంధన ఎంత కఠినమైతే నిజం చెప్పడానికి అయ్యే ఖర్చు అంత పెరుగుతుంది. పుణెలో రోగుల్ని దాచిన కుటుంబాలకీ ఈ అమ్మాయికీ నాకు పెద్ద తేడా కనిపించదు. ఇద్దరూ జబ్బుకంటే ఎక్కువగా జబ్బు బయటపడితే వచ్చే శిక్షకు భయపడ్డారు.

ఇంట్లో ఎవరున్నారు

“పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఏమవుతుంది, జలుబులా వచ్చి పోతుంది” అనే వాదన కూడా తరచూ వింటాం. చాలామంది పిల్లల విషయంలో అది నిజమే అయింది. అయితే మన పిల్లలు శనివారం సాయంత్రం బస్సెక్కి ఇళ్లకు వెళతారు. ఆ ఇళ్లలో కొన్ని ఉద్దానంలో ఉన్నాయి.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో ఈ జిల్లాలో కొత్తగా చెప్పక్కర్లేదు. డయాలసిస్ మీద ఉన్న మనిషికి కొవిడ్ సోకితే ప్రాణాపాయం మామూలు మనిషికంటే చాలా ఎక్కువ. సోకకపోయినా వారానికి రెండు మూడుసార్లు ఇల్లు కదిలి కేంద్రానికి వెళ్లాల్సిందే, అక్కడ మరికొందరు రోగుల పక్కన గంటల తరబడి పడుకోవాల్సిందే. లాక్‌డౌన్ అన్నా ఆగేది కాదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో వచ్చాయి. కొవిడ్ రోజుల్లో అది లేదు. అలాంటి తండ్రి ఉన్న పిల్లవాడికి హాస్టల్లో పక్క మంచం మీద దగ్గు వినిపిస్తే వచ్చే భయం వేరు. ఆంక్షలు పెట్టండి అని అడిగేవాళ్లలో ఇలాంటి పిల్లలూ ఉన్నారు. వాళ్లను పిరికివాళ్లని కొట్టిపారేయడం అన్యాయం.

అలాగని మూసేస్తే సరిపోతుందా అంటే, సీతంపేట కొండల మీది పిల్లల్ని అడగాలి. ఆన్‌లైన్ క్లాసు వినడానికి సిగ్నల్ దొరికే గట్టు వెతుక్కుంటూ వెళ్లినవాళ్లున్నారు. ఇంట్లో ఒకటే ఫోను, అది నాన్నతో పనికి పోతుంది. కెమిస్ట్రీ ల్యాబు ఫోనులో రాదు. 2020లో చేరిన బ్యాచ్‌లో బ్యూరెట్ చేత్తో పట్టుకోకుండానే మొదటి ఏడాది దాటేసినవాళ్లకు నేను పాఠాలు చెప్పాను. మధ్యలో మానేసి పెళ్లిళ్లయిపోయిన అమ్మాయిలు, వలస వెళ్లి తిరిగిరాని అబ్బాయిలు ఏ కొవిడ్ లెక్కలోనూ చేరలేదు. మూసివేత అందరికంటే పేదల మీదే ఎక్కువ పడింది. అందుకే అది ఆఖరి అస్త్రం కావాలి, అది కూడా ఇన్ని రోజులని గడువు పెట్టి.

మరి కఠినం ఎక్కడ

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆంక్షలు కఠినంగానే ఉండాలి. మొదట యాజమాన్యాల మీద.

హాస్టల్ నడిపేవాళ్లు ప్రైవేటైనా ప్రభుత్వమైనా, కిటికీలకు మెష్, మంచాల మధ్య దూరం, జ్వరం వచ్చినవాళ్లకు విడిగా రెండు గదులు, ఆ గదులకు విడి బాత్రూమ్, వేళకు భోజనం పంపే మనిషి, ఇవి ఉన్నాయో లేదో జూన్‌కు ముందే తనిఖీ జరగాలి. లేకపోతే ఫైన్ అక్కడ పడాలి. 100 రూపాయల ఫైన్ పిల్లవాడి బస్సు డబ్బుల్లోంచి పోతుంది. యాజమాన్యం మీద పడే ఫైన్ కిటికీ తెరిపిస్తుంది. మెస్ రెండు బ్యాచ్‌లకు బదులు నాలుగు నడపాలంటే వంటవాళ్లకు అదనపు గంటల జీతం ఇవ్వాలి. ఖర్చే. ఆ ఖర్చు విద్యార్థి ప్రవర్తన మీద నెట్టేయకూడదు.

దీనికి కొత్త వ్యవస్థ కనిపెట్టక్కర్లేదు. ర్యాగింగ్ విషయంలో మనం ఇది చేశాం. సుప్రీంకోర్టు ఒత్తిడి తర్వాత యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో కమిటీ ఉండాలి. అందులో లెక్చరర్లతో పాటు విద్యార్థులు, తల్లిదండ్రులు, పోలీసుల ప్రతినిధులు ఉంటారు. కాలేజీ పట్టించుకోకపోతే గుర్తింపు, గ్రాంట్లు పోయే శిక్ష ఉంది. బాధితుడు చెప్పుకోవడానికి భయపడకూడదన్నదే దాని మూలసూత్రం. అంటువ్యాధికి కూడా ఇదే పద్ధతి కావాలి. గేటు దగ్గర పోలీసు కంటే ఫ్లోర్‌కు ఇద్దరు సీనియర్లు, ఒక వార్డెన్, ఆ ప్రాంతపు ఏఎన్ఎం నంబరు ఎక్కువ పనిచేస్తాయి. తన తోటి అమ్మాయి వచ్చి “ఒంట్లో ఎలా ఉంది?” అని అడిగితే చెప్పే నిజం, థర్మల్ గన్‌కు చెప్పరు.

ఏ మెట్టు దగ్గర ఏం చేస్తారో కూడా ముందే నోటీసు బోర్డులో ఉండాలి. ఉదాహరణకు ఒక ఫ్లోర్‌లో మూడు రోజుల్లో ముగ్గురికి జ్వరం వస్తే ఆ ఫ్లోర్ మొత్తానికీ శ్రీకాకుళం రిమ్స్ ఆసుపత్రి ల్యాబులో పరీక్ష, మాస్కు తప్పనిసరి, మెస్ బదులు పొట్లాలు. రెండు ఫ్లోర్లకు పాకితే ఫ్రెషర్స్ డే, ఫెస్ట్, స్పోర్ట్స్ మీట్ వాయిదా. అప్పటికీ ఆగకపోతే పది రోజులు తరగతులు ఆన్‌లైన్. అంకెలు వైద్యులు మార్చొచ్చు, వ్యాధిని బట్టి మారాలి కూడా. మెట్లు ముందే తెలిసి ఉండటం ముఖ్యం. హాస్టల్ పిల్లల్ని ఇళ్లకు పంపేయడం ఆ మెట్లలో ఎక్కడా ఉండకూడదు. సోకిన పిల్లల్ని పల్లెవెలుగు బస్సెక్కించి టెక్కలికీ, ఇచ్ఛాపురానికీ, కొత్తూరుకూ పంపితే వైరస్‌ను మనమే ఊరూరా దింపి వచ్చినట్టు. హాస్టల్లోనే ఉంచి చూసుకోవాలి.

వ్యక్తి మీద శిక్ష ఆఖరున. పాజిటివ్ అని తెలిసీ గది దాటి గుంపులోకి వెళితే చర్య తీసుకోండి, నేను అడ్డం రాను. దానికి ముందు గదిలో ఉండటానికి ఆ పిల్లవాడికి అన్ని వసతులూ ఇచ్చామా అన్నది కమిటీ రాతపూర్వకంగా చెప్పాలి.

టీకా సర్టిఫికెట్ లేనివాళ్లను క్లాసులోకి రానివ్వకూడదా అనే ప్రశ్న 2021లో చాలా కాలేజీల్లో వచ్చింది. జాకబ్ పులియెల్ తీర్పు తర్వాత దీనికి ఒక దారి ఉంది. కాలేజీలోనే క్యాంపు పెట్టండి, అనుమానాలున్నవాళ్లతో డాక్టరు చేత మాట్లాడించండి. అప్పటికీ వద్దన్నవాళ్ల చదువు ఆపే ముందు ఆ ఆంక్ష వల్ల ఇతరులకు కలిగే రక్షణ ఎంతో చూపించాలి. టీకా వేసుకున్నవాళ్ల ద్వారా కూడా ఒమిక్రాన్ పాకింది కాబట్టి ఆ లెక్క చూపించడం కష్టం. టీకా వేసుకోవడం మంచిదన్నది వేరే మాట, అందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఇవన్నీ అయ్యే పనులేనా అని తోటి లెక్చరర్లు అడుగుతుంటారు. మెష్‌కి డబ్బు కావాలి, మెస్‌కి మనుషులు కావాలి, నిజమే. ఒక్కపైసా ఖర్చు లేని పని ఒకటుంది. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ, ఈ రెండిటి కిందా మన రెండు జిల్లాల కాలేజీలు చాలా ఉన్నాయి. వాటి నియమావళిలో ఒక్క వాక్యం చేరిస్తే చాలు: అంటువ్యాధి లక్షణాలున్నాయని తనంతట తానుగా చెప్పి తరగతులకు దూరంగా ఉన్న విద్యార్థికి ఆ రోజులు హాజరు కిందే లెక్కించాలి, తప్పిపోయిన ఇంటర్నల్ పరీక్ష మళ్లీ పెట్టాలి, స్కాలర్‌షిప్ లెక్కలోనూ ఇదే వర్తించాలి. వచ్చే అకడమిక్ కౌన్సిల్ సమావేశాల్లో ఈ వాక్యం ఎజెండాలో పెట్టమని లెక్చరర్ల సంఘాలు, విద్యార్థి సంఘాలు, తల్లిదండ్రులు ఇప్పుడే ఉత్తరాలు రాయాలి, కేసులేమీ లేని ఈ రోజుల్లోనే.